ఆయనకి చెవి నేనే

రంగూను, లమ్మడా,
12 జూన్ 1927.

వదినకి వీరలక్ష్మి దణ్ణాలు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఒంట్లో అందరికీ బాగానే ఉంది, నా మనసొక్కటే బాగాలేదు. అందుకని కుశల ప్రశ్నలు చివర్న అడుగుతాను, ముందు నా గోడు విను.

మా అబ్బాయి గోవిందు వ్యాపారం పనిమీద మాండలే వెళ్తూ వెళ్తూ ఇంట్లో నాకొక సవతిని పెట్టి వెళ్లాడు. కంగారు పడకు, మనిషి కాదు, పెట్టె. చెవులు వినపడనివాళ్లకి వినిపించే మిషనట. నాన్నకి అవసరమని లండనుకి రాసి తెప్పించాడు. నల్లగా మన వక్కాకుల డబ్బా అంత ఉంటుంది. ముందువైపు చిల్లుల మూత, మాట అందులోకి వెళ్లాలి. ఒక తీగ బ్యాటరీకి, ఇంకో తీగ చెవికి ఆనించుకునే బిళ్లకి. దాన్ని మెడలో తగిలించుకుని ఆయన పొద్దున్న అద్దంలో చూసుకున్నారు. పెళ్లినాడు కూడా అంతసేపు చూసుకోలేదు.

నా బాధ నీకు అర్థం కావాలంటే పాత సంగతులు కాస్త గుర్తు చెయ్యాలి. ఆయనకి యాభై దాటిన దగ్గర్నించి చెవులు మెల్లమెల్లగా మూసుకుపోయాయి. పదకొండేళ్లుగా ఆయనకి చెవి నేనే. మా పొగాకు కొట్లో ఆయన పరుపు పక్కన నాకొక చిన్న బల్ల. వచ్చినవాళ్లు చెప్పింది విని, ఆయన వైపు తిరిగి గొంతు లేకుండా పెదవులు కదిపితే ఆయన చదువుకుంటారు. జవాబు ఆయనే చెప్తారు. ఈ ఊళ్లో చుట్టల కొట్లు నడిపేదే బర్మా ఆడవాళ్లు కాబట్టి, నేను బల్ల మీద కూర్చోవడం ఎవరికీ వింత కాదు. ఏ ఆకు ఏ ఓడలో వస్తుందో, ఏ వర్తకుడు ఎవరితో మాట్లాడటం మానేశాడో నాకు తెలియకుండా ఆయనకి తెలియదు. ఆయన ఎప్పుడైనా చిరాకు పడితే ఆ బల్లే నాకు ధైర్యం.

మొన్న చెవుల డాక్టరు దొర దగ్గర పెట్టె తగిలించారు. ట్రాము గంట, కాకులు, పక్కగదిలో ఎవరిదో దగ్గు, అన్నీ ఒక్కసారి మీద పడేసరికి ఆయన కుర్చీ పట్టుకున్నారు. కాస్త తేరుకున్నాక, "చప్పుళ్లు వస్తన్నాయి. మాటలేవీ?" అన్నారు. దొర చెప్పాడు, చప్పుడు ఈ రోజే వస్తుంది, మాట రావడానికి నెలలు పడుతుందని. ఇన్నేళ్లు మూతపడ్డ చెవికి మళ్లీ నేర్పాలట. రోజూ గంటసేపు, అలికిడి లేని గదిలో, ఒక్కరే ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో నిదానంగా చదవాలట. ఇంకెవరు చదువుతారు, నేనే కదా అని ముందుకి వంగి, నా కొట్టు గొంతుతో "వినిపిస్తోందా?" అన్నాను. ఆయన బిళ్ల పీకి పారేశారు.

దొర నవ్వాడు. ఇంత గొంతు మిషను పట్టలేదు, అరిస్తే మాట ముక్కలైపోతుందన్నాడు. గది మూల నిలబడ్డ మా కోడలు చిన్నమ్మిని పిలిచి చదివించాడు. అది కాపురానికొచ్చి మూడేళ్లయినా మామగారి ఎదుట నోరెత్తలేదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచి నాకు మెల్లగా చెప్పేది, నేను ఆయనకి చెప్పేదాన్ని. కోడలు అలా ఉండాలని నేర్పింది నేనే. ఆ సన్నగొంతే మిషనుకి సరిగ్గా సరిపోయిందట. "ఈమే రోజూ చదవాలి" అని దొర తీర్పు చెప్పేశాడు. గాజుల చప్పుడైనా వినిపించకుండా ఉండే పిల్ల ఇప్పుడు ఆయనకి చదువు చెప్పే పంతులమ్మ!

అన్నయ్య ఎలా ఉన్నాడు? కొత్త ఆవకాయ పెట్టావా? పంపితే జాడీ మూతికి మైనం గట్టిగా వెయ్యి, కిందటేడు నూనె అంతా ఓడకే దక్కింది.

నీ ఆడపడుచు
వీరలక్ష్మి


భీమునిపట్నం,
30 జూన్ 1927.

చిరంజీవి వీరలక్ష్మికి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఏడుపు ఎక్కడుందో అని వెతుక్కుంటూ చదివాను, దొరకలేదు. లండను నుంచి పెట్టె వచ్చిందని చెప్పడానికి ఇన్ని కన్నీళ్లెందుకమ్మా? సూటిగా చెప్తే మేమేం కళ్లలో నిప్పులు పోసుకోం.

ఇక్కడ మీ అన్నయ్యకి మూడేళ్లుగా చెవులు మందమన్న సంగతి నీకు తెలుసు. ఎడమది లేనట్టే. కుడిదాంట్లోకి దగ్గరగా వెళ్లి అరిస్తే కాస్త ఎక్కుతుంది. ఆముదం వేశాం, వెల్లుల్లి నూనె వేశాం, జాలారిపేటలో ఎవరో చెప్తే ఏదో ఆకు పసరు కూడా వేశాం. ఏం కూర చెయ్యమంటారని నేను వంటింట్లోంచి అడిగితే, మూడిళ్ల అవతలున్న శంకరరావుగారు "వంకాయ చెయ్యమ్మా" అని జవాబిస్తారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను. నీకేం, పెదవులు కదిపితే సరిపోతుంది.

పైగా బల్ల! పెళ్లయి ముప్ఫై నాలుగేళ్లయినా మీకు పొగాకు పంపే మీ అన్నయ్య గోదాము గుమ్మం లోపల ఎలా ఉంటుందో నేనెరగను. ఆకు ఏ రంగులో ఉంటుందంటే ఆయన చొక్కా ఉతికేటప్పుడు చూసిన రంగే నాకు తెలుసు. నువ్వు అక్కడ నలుగురు వర్తకుల మధ్య రాణీలా కూర్చుని, కోడలు ఒక గంట చదివితే దాన్ని కూడా ఓర్చుకోలేకపోతున్నావు.

పోనీలే. నిన్ను ఒకటే అడుగుతాను. మీ అన్నయ్యకి కూడా అలాంటి పెట్టె ఒకటి తెప్పించు. ఏటేటా ఆడపడుచు లాంఛనాలు మేమే పంపుతున్నాం, ఈసారి నీ చేతిమీదుగా రానియ్యి. ఆయన నోరు తెరిచి అడగరు. నీ ఉత్తరంలో పెట్టె బొమ్మ ఏమైనా గీశావా అని మాత్రం రెండుసార్లు తిరగేసి చూశారు.

ఆవకాయ పెట్టాను. మైనం వేసే పంపుతున్నాను.

నీ వదిన
సీతాదేవి


రంగూను, లమ్మడా,
18 జూలై 1927.

వదినకి దణ్ణాలు పెట్టి వీరలక్ష్మి రాసుకునేది.

నీకు నా ఉత్తరంలో ఏడుపు దొరకలేదు కదా, ఈసారి వెతుక్కోనక్కర్లేకుండా రాస్తాను. నాకు అసూయగా ఉంది. కోడలి మీద అసూయగా ఉంది. అది మంచి పిల్ల, నా కాళ్లు పట్టే పిల్ల, దాని మీదే.

రోజూ సాయంత్రం నాలుగింటికి కిటికీ దగ్గర ఎదురెదురుగా రెండు కుర్చీలు వేస్తారు. వెలుతురు దాని ముఖం మీద పడాలట. పెట్టె బల్ల మీద పెట్టి అది చదువుతుంది. మొదటి వారం కూరగాయల పేర్లు, మన ఊళ్ల పేర్లు, తెలిసిన మాటలు చెప్పింది. పది మాటలకి ఒకటి అందేది. ఇప్పుడు పత్రిక చదువుతోంది, సగానికి పైనే అందుతోంది. మొన్న ఏదో ముక్క చదివితే ఆయన పకపకా నవ్వారు. నేను పక్కగదిలో చింతపండు పిక్కలు తీస్తున్నాను. పదకొండేళ్లలో ఆయన నాకు తెలియకుండా నవ్వడం అదే మొదలు. ఏమిటని వెళ్లి అడగడానికి మనసొప్పలేదు.

నన్ను ఆ పెట్టెలో మాట్లాడమని ఆయన ఒక్కసారి అడగలేదు. నేను గదిలోకి వెళ్తే బిళ్ల చెవినుంచి తీసి ఒళ్లో పెట్టుకుంటారు. దొర దగ్గర ఒక్కసారి గొంతెక్కువైందని ఇంత శిక్షా? నేను మెల్లగా మాట్లాడలేనా? ఆయన తీసి పక్కన పెట్టిన ప్రతిసారీ నా కళ్లలో కారం కొట్టినట్టుంటుంది.

కొట్లో మాత్రం ఆ పెట్టె బండారం నాకు తెలుసు. వాన రేకుల మీద పడుతుంటుంది, వీధిలో ట్రాము, బేళ్లు దింపే కూలీల కేకలు, ఇంకోపక్క ముగ్గురు బేరగాళ్లు. మన చెవులైతే కావలసింది ఉంచుకుని మిగతాది జల్లించేస్తాయి. పెట్టెకి ఆ జల్లెడ లేదు. అన్నిటినీ పెద్దవి చేసి ఒక్కచోట గుమ్మరిస్తుంది. చెమ్మకి లోపల మాటని పట్టే బొగ్గుపొడి గడ్డకట్టి తాలింపులా చిటపటమంటుంది, రెండు మొట్టికాయలు వేస్తే గానీ దారికి రాదు. అయినా దాన్ని తగిలించుకుని దర్జాగా కూర్చుంటారు. వర్తకులంతా చూడ్డానికి వస్తున్నారు.

అన్నయ్యకి తెప్పించమన్నావు. నా మాట విని వద్దు వదినా. అది ఇంట్లోకొస్తే ఏమవుతుందో నేను చూస్తున్నాను. ఇవాళ అన్నయ్య మాట కోసం నీ ముఖం చూస్తాడు. రేపు ఎవరి ముఖం చూస్తాడో నీకు తెలీదు. అరుచుకున్నా సరే, అరిచేది నువ్వు కదా.

ఆవకాయ చుక్క కారకుండా వచ్చింది. ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

వీరలక్ష్మి


భీమునిపట్నం,
2 ఆగస్టు 1927.

వీరలక్ష్మికి,

వద్దన్నావు, సంతోషం. మీ ఇంట్లో ఉండొచ్చు, మా ఇంటికి వస్తే మాత్రం కాపురం కూలిపోతుందన్నమాట. ఇంత పొడుగు కారణం వెతకనక్కర్లేదు, వీలుపడదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించలేదు, చేతికే ఇచ్చాను. చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నారు. "రంగూను వాళ్లకే చెవులుండాల కాబోలు" అన్నారు. ఇకమీదట ఆకు ఓడకెక్కించిన కబురు గుమాస్తా రాస్తాడు. ఆయన రాయరట.

నేనూ మనిషినే. నా గొంతు పోతే పోయింది, మీ అన్నయ్య నలుగురిలో కూర్చోవడం మానేశారు. మొన్న శంకరరావుగారి మనవరాలి పెళ్లిలో భోజనం కాగానే ఇంటికొచ్చి వీధి అరుగుమీద ఒక్కరే కూర్చున్నారు. దానికి మందు నీ ఇంట్లో ఉంది, నువ్వేమో దాన్ని సవతి అంటున్నావు.

వరలక్ష్మీవ్రతానికి పసుపు కుంకుమ ఇందులో పెడుతున్నాను. అది మానను.

సీతాదేవి


రంగూను, లమ్మడా,
17 ఆగస్టు 1927.

వదినా,

నీ కోపపు ఉత్తరం అందింది. పసుపు కుంకుమ కళ్లకద్దుకున్నాను. నీకు సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు. నా బల్ల పోయింది.

వ్రతానికని గురు, శుక్రవారాలు కొట్టుకి వెళ్లలేదు. శనివారం పొద్దున్న వెళ్తే నా చోట రెండు పొగాకు బేళ్లున్నాయి. బల్ల వెనక గోడకి నిలబెట్టి ఉంది. సరుకు దింపే అచ్చెన్నని అడిగితే, "నానేటి సేత్తానమ్మా? సెంద్రరావుగోరు పెట్టమన్నారు, పెట్టీసినాను" అన్నాడు. చంద్రరావు మా గుమాస్తా. వాడిని అడిగాను. చేతులు నలుపుకుంటూ, "నలుగురు వర్తకులూ కూచుని ఉన్నప్పుడు అయ్యగారినే అడిగానండి. ఇప్పుడు మిషనుంది కదా, ఇంకా అమ్మగారు రోజూ ఈ ఆకు దుమ్ములో కూచోవడం ఎందుకు, ఆ చోటు సరుక్కి వీలవుతాది కదా అన్నానండి. అయ్యగారు నవ్వుతా తలూపారండి" అన్నాడు.

నవ్వుతూ తలూపారు. ఆ రెండు మాటలూ నాలుగు రోజులుగా నా నెత్తిమీద కూర్చున్నాయి.

ఆయన పరుపు మీదే ఉన్నారు. నన్ను చూశారు, బేళ్లని చూశారు, మళ్లీ బేరగాడి వైపు తిరిగారు. నేను వచ్చిన దారినే ఇంటికొచ్చేశాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చారు, తిన్నారు, వెళ్లారు. కొట్టుకి ఎందుకు రావటం లేదని ఆయన అడగలేదు. ఎందుకు తీయించారని నేనూ అడగలేదు. అడిగి "అవును, నువ్వు అక్కర్లేదు" అనిపించుకోవడం నా వల్ల కాదు. సాయంత్రం మామూలుగా రెండు కుర్చీలూ వేశారు. చిన్నమ్మి చదివింది.

నీకు నేను రాణీలా కనపడ్డాను కదా. యాభై ఆరేళ్ల వయసులో, పగలంతా ఇంట్లో ఏం చెయ్యాలో తెలియని దాన్నయ్యాను. చుట్టల కొట్టు నడిపే బర్మా ఆవిడ డా మ్యా నిన్న గుమ్మం దాకా వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగాలేదన్నాను.

అన్నయ్య రాయనన్నాడట. మా ఆయన వైపేనన్నమాట. సరే. మగవాళ్లంతా ఒక్కటే.

వీరలక్ష్మి


భీమునిపట్నం,
3 సెప్టెంబరు 1927.

వీరలక్ష్మికి వదిన దీవెనలు.

ఒక సంగతి రాయకూడదు, అయినా రాస్తాను. నీ బల్ల తీసేశారని చదివినప్పుడు ముందు నాకు సంతోషం కలిగింది. బాగా అయింది, ఇప్పుడు మనిద్దరం ఒకటే అనుకున్నాను. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. సాయంత్రం మళ్లీ చదివితే, నీ బల్ల పోతే నాకేం బల్ల రాలేదు కదా అనిపించి సిగ్గేసింది.

మీ అన్నయ్య మీ ఆయన వైపు అనుకోకు. ఆయనకి పెట్టె మీద అలకే గానీ నీ మీద కాదు. నీ ఉత్తరం చూసి, "రమ్మను. వచ్చే ఓడకి వచ్చీమను" అన్నారు. నేను కూడా అదే అంటాను. నలుగురి ముందు నవ్వుతూ తలూపాక ఇంకా అడగడానికి ఏముంది? అడిగితే చులకనవుతావు. నాలుగు నెలలు పుట్టింట్లో ఉండు. ఏ చెవితో ఏం వింటారో వాళ్లే చూసుకుంటారు.

వచ్చేముందు ఆ పెట్టె తీగ ఒకటి ఊడబెరికి రా. లేదా పెట్టెనే పట్టుకొచ్చేయ్, మీ అన్నయ్య మెడలో వేద్దాం. నవ్వావా? నవ్వావనే అనుకుంటాను.

నీ గది కడిగించి ఉంచాను.

సీతాదేవి


రంగూను, లమ్మడా,
28 సెప్టెంబరు 1927.

మా వదినకి వీరలక్ష్మి నమస్కరించి రాసేది.

నువ్వు ఎకసెక్కానికి రాశావు, నేను చేశాను.

ఊడబెరకలేదు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బ్యాటరీ దగ్గర మర వదులు చేసి తీగ పైకి బిగించి ఉన్నట్టే కనపడేటట్టు ఊరికే పక్కన ఆనించి పెట్టాను. చూడ్డానికి అంతా మామూలే, లోపల ప్రాణం లేదు. ఆ సాయంత్రం తలుపు పక్కన నిలబడి ఆయన ముఖం చూశాను. కంగారు పడతారు, పెట్టెని విసిరేస్తారు, నా వైపు చూస్తారు అని కాచుకుని ఉన్నాను. ఎంత పాపిష్టి మనసో చూడు.

ఆయన బిళ్ల చెవికి ఆనించుకున్నారు. కనుబొమ్మలు ముడిచారు. పెట్టెకి రెండు మొట్టికాయలు వేశారు. చిన్నమ్మి పత్రిక అడ్డం పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అది ఆగినప్పుడల్లా ఆయన తలూపారు. అది నవ్వితే నవ్వారు. "తెలిసిందా మామయ్యగారూ?" అంటే ఊ అన్నారు. నాకు మతి పోయింది. మర నేనే సరిగ్గా వదులు చెయ్యలేదేమో అని మర్నాడు చూశాను. తీగ విడిగానే ఉంది. దాన్నే మెడలో వేసుకుని కొట్టుకి వెళ్లారు.

మూడోరోజు డా మ్యా మా ఇంటిమీదకి వచ్చింది. పైచుట్టు వేసే వెడల్పాకు అడిగితే లోపల వేసే తుంపాకు పంపారట. "ఎదురుగా నిలబడి మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తలూపాడు" అని బర్మాలో కేకలేసింది. తెలుగు పెదవులైతే ఆయన చదవగలరు, బర్మావాళ్ల పెదవులు చదవలేరు, ఆ పని నాది. ఆమెకి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

ప్రాణం లేని పెట్టె పెట్టుకుని మూడు రోజులు ఈయన అందరికీ తలూపారు. అయితే పెట్టె బాగున్నప్పుడు కూడా, నలుగురూ కలిసి మాట్లాడితే ఏమీ అందనప్పుడు కూడా, ఇలాగే ఊపి ఉంటారు. ఆ వేళ వర్తకుల మధ్య ఊపింది నా బల్లకి కాదు. చంద్రరావు నవ్వుముఖం పెట్టుకుని ఏదో అన్నాడు, ఈయన నవ్వుముఖం పెట్టుకుని ఊపారు. అంతే.

గొడుగు కూడా తీసుకోకుండా కొట్టుకి వెళ్లాను. జోరువాన, బేరగాళ్లు లేరు. చంద్రరావు అచ్చెన్నని వెంటబెట్టుకుని రేవుకి వెళ్లాడు. ఆయన ఎదురుగా నిలబడి, మామూలుగా పెదవులతోనే అంతా చెప్పేశాను. మర వదులు చేసింది నేనే అన్నాను. కొడతారేమో అనుకున్నాను. ఆయన పెట్టె విప్పి ఒళ్లో పెట్టుకుని పెద్ద ఊపిరి తీశారు.

"మూడ్రోజులనించీ నా చెవులే పూర్తిగా పోయాయనుకున్నానే. లండను మిషను పెట్టుకుని కూడా ఏటీ, ఏటీ అని అడిగితే నలుగురూ నవ్వరా? కుర్రోడు అంత మోజుపడి తెప్పించాడు" అన్నారు.

నా బల్ల తీసెయ్యమని ఎందుకన్నారని అడిగాను.

"నేనెక్కడన్నాను? బేళ్లు నువ్వే పెట్టించావనుకున్నాను. పదకొండేళ్లు నాకు చెప్పి చెప్పి విసిగిపోయావు, మిషనొచ్చింది కదా, ఇంక చాలనుకున్నావని ఊరుకున్నాను. రమ్మని అడిగితే మొహమాటానికి వచ్చేస్తావని అడగలేదు."

ఆరువారాలు, వదినా! ఒకే ఇంట్లో, ఒకే కంచాల దగ్గర.

ఎలాగూ అడుగుతున్నాను కదా అని రెండోది కూడా అడిగేశాను. మరి నన్నెందుకు ఆ పెట్టెలో మాట్లాడమనరు, నేను వస్తే బిళ్ల ఎందుకు తీసేస్తారు, నా గొంతు అంత పనికిరానిదా అన్నాను.

"దాన్లో అందరి గొంతూ రేకుడబ్బాలోంచి వచ్చినట్టే ఉంటాదే. చిన్నమ్మి గొంతు అసలెలాగుంటాదో నాకు తెల్దు, అది వచ్చేసరికే చెవులు పోయాయి. రేకు గొంతైతే ఏటి, ఇనుప గొంతైతే ఏటి. నీది తెలుసు. నువ్వు పెదాలు కదిపితే ఆ గొంతుతోనే వస్తాది నాకు. ఆ వేళ దొర దగ్గర దాన్లోంచి నువ్వు మాట్లాడితే వేరే మనిషిలాగున్నావు. అదే చెవిలో ఉండిపోతే మొదటిది పోతాదేమోనని భయమేసింది" అన్నారు.

నేను బేళ్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆకు దుమ్ముకి తుమ్ములు కూడా వచ్చాయి.

తీగ బిగించాను. బల్ల మళ్లీ దాని చోటుకి వచ్చింది. ఇప్పుడు కొట్లో ఆయన పెట్టె పెట్టుకుంటారు, నేను వెలుతురులో ఎదురుగా కూర్చుని పెదవులు కదుపుతాను, బేరగాళ్లు ఒక్కొక్కరే మాట్లాడాలని చంద్రరావుకి చెప్పాను. పెట్టె ఒక్కటీ అయితే సగం పోతుంది, నా పెదవులొక్కటీ అయితే ఒక్కోసారి పొరపాటు పడతారు, రెండూ కలిస్తే దాదాపు అంతా అందుతోంది. అందనప్పుడు తలూపకుండా "మళ్లీ చెప్పు" అనాలని ఒట్టు వేయించుకున్నాను. సాయంత్రాలు చిన్నమ్మి చదువుతూనే ఉంది. దాని మీద ఇంకా కాస్త మంటగానే ఉంది, నీ దగ్గర అబద్ధమెందుకు.

అన్నయ్యకి పెట్టె కోసం లండనుకి రాయమని గోవిందుకి చెప్పాను. మొదట వద్దన్నది పిసినారితనంతో కాదు, భయంతో. ఈలోపల నువ్వు అరవకు. దగ్గరగా కూర్చుని, నీ ముఖం కనిపించేలా, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడి చూడు. నా గది తాళం వేసెయ్యి, ఇప్పట్లో రాను.

నీ ఆడపడుచు
వీరలక్ష్మి


భీమునిపట్నం,
14 అక్టోబరు 1927.

చిరంజీవి సౌభాగ్యవతి వీరలక్ష్మికి సీతాదేవి దీవించి రాసేది.

నీ ఉత్తరం దసరా మర్నాడు వచ్చింది. చదువుతున్నంతసేపూ నవ్వాను, తీగ దగ్గర మరీ నవ్వాను. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ఉత్తరం చేత్తో పట్టుకునే మీ అన్నయ్య దగ్గరకి వెళ్లాను. అలవాటు ప్రకారం చెవిలోకి వంగి, "నా గొంతు మీకు గురుతుందా?" అని అరిచాను. "గురుతెందుకుండదు? వీధి వీధంతా వినిపిస్తంటే!" అని ఆయన నవ్వారు. వీధిలో శంకరరావుగారు కూడా నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను.

వీరలక్ష్మీ, ఇన్నాళ్లూ నీ పెట్టె చూసి కుళ్లుకున్నాను, నీ బల్ల చూసి కుళ్లుకున్నాను. అవేమీ కాదు. మీ ఆయన చెవులు మూసుకుపోయేవేళకి నీ మంచి గొంతు లోపల ఉండిపోయింది. దాన్ని ఇంకెవరూ తీయలేరు. దానికి నాకు అసూయగా ఉంది. మూడేళ్లుగా నేను మీ అన్నయ్యతో అరవడం తప్ప మాట్లాడింది లేదు. అంతకుముందు నాకూ ఒక గొంతుండేది. గొప్పదేం కాదు, అయినా ఉండేది. ఆ కుడిచెవి కూడా మూసుకుపోయిన రోజున, ఆయన దగ్గర మిగిలేది ఏ గొంతు? ఈ అరుపే కదా.

ఆ మర్నాడు పొద్దున్న నువ్వు చెప్పినట్టే చేశాను. కిటికీ రెక్కలు తీసి, ఆయన కుడివైపు పీట వేసుకుని దగ్గరగా కూర్చున్నాను. అరవకుండా, పెళ్లయిన కొత్తలో మాట్లాడినట్టు, ఇవాళ ఏం వండమంటారని అడిగాను. ఆయన పత్రిక చూసుకుంటున్నారు. ఏటీ అన్నారు. మళ్లీ అంతే మెల్లగా అడిగాను. మళ్లీ ఏటీ అన్నారు. మూడోసారి పత్రిక దించారు. నాలుగోసారి అడిగేసరికి అందింది. అందిందని ముఖంలో తెలిసింది. కానీ ఆయన నాకు జవాబు చెప్పలేదు, వీరలక్ష్మీ. ఇంట్లోకి ఎవరొచ్చారా అని నా వెనకకి తొంగి చూశారు.

పెట్టెకి రాయించావు, కాదనను. వచ్చినా మాఘమాసం దాకా నీ దగ్గరే ఉంచు. అది వచ్చేలోపల ఆయనకి నా గొంతు మళ్లీ అలవాటు చెయ్యాలి. రోజూ పొద్దున్న కూర్చుంటున్నాను.

నీ వదిన
సీతాదేవి